వ్యూస్ రాని వార్త ఎవరు రాస్తారు?

(హైదరాబాద్‌లో జర్నలిజం విద్యార్థులు, పాఠకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బయట వాన పడుతున్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన అంశం, సోషల్ మీడియా వచ్చాక జర్నలిజం ఎలా మారింది అని. దీని మీద ఎవరు మాట్లాడినా మొదట వేగం గురించి, ఆ తర్వాత ఫేక్ న్యూస్ గురించి చెప్పి కూర్చుంటారు. అవి చిన్న విషయాలేం కావు, నేనూ వాటి దగ్గరికి వస్తాను. కానీ ఇన్నేళ్లు ఫీల్డ్‌లోనూ డెస్క్‌లోనూ పనిచేసిన నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇంకొకటుంది. వెయ్యి మంది కూడా క్లిక్ చేయరు, అయినా ఒక ఊరికో ఒక కాలనీకో అది చాలా అవసరం, అలాంటి వార్త ఇవాళ ఎవరు రాస్తున్నారు? రాసే మనిషికి డబ్బులు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే ఉంటుంది, పక్కదారి పడితే ఆపండి.

మీలో చాలామంది 2000 తర్వాత పుట్టినవాళ్లే అనుకుంటాను, కాబట్టి ముందు కొంచెం పాత సంగతి చెప్పాలి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది, మరుసటి ఏడాదికి హైదరాబాద్ వచ్చింది. అయితే తెలుగు జర్నలిజంలో నిజంగా పెద్ద మార్పు 1989లో వచ్చిందని నేననుకుంటాను, ఆ ఏడాది జిల్లా ఎడిషన్లు మొదలయ్యాయి. మెయిన్ పేపర్ మధ్యలో జిల్లాకొక చిన్న సైజు పేపర్. మిగతా పత్రికలు కూడా అదే దారి పట్టక తప్పలేదు. రోజూ ఒక జిల్లా పేపర్ నింపాలంటే మండలానికొక మనిషి కావాలి కదా, అట్లా పుట్టుకొచ్చినవాడే మన కంట్రిబ్యూటర్. ఒకాయన జిరాక్స్ షాపు నడిపేవాడు, ఒకాయన ఎల్‌ఐసీ ఏజెంటు, ఇంకొకాయన ట్యూషన్లు చెప్పుకునేవాడు. సాయంత్రం అయ్యేసరికి తెల్లకాగితాల మీద వార్తలు రాసి, కవర్లో పెట్టి, జిల్లా కేంద్రానికి పోయే ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాడు. బస్టాండ్‌లో పేపర్ ఆఫీసు కుర్రాడు ఆ కవర్లన్నీ ఏరుకుని వచ్చేవాడు. తర్వాత ఫ్యాక్స్, తర్వాత మెయిల్, ఇప్పుడు వాట్సాప్.

ఆయనకిచ్చేది జీతం కాదు, లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు కొలిచి నెలాఖరుకు ఇంత అని ఇచ్చేవాళ్లు. అది పెట్రోలుకు కూడా చాలేది కాదు. పైగా పండగ వస్తే, ఎవరిదైనా పుట్టినరోజు వస్తే యాడ్స్ తెమ్మనేవాళ్లు. రాయాల్సిన నాయకుడి దగ్గరికే యాడ్ కోసం వెళ్లాలి. ఇందులో దోపిడీ ఉంది, మొహమాటం ఉంది, కొన్నిచోట్ల దందా కూడా ఉంది. నేను దీన్ని స్వర్ణయుగం అని చెప్పడానికి రాలేదు. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేయడం, ఎంత ఘోరంగా నడిచిందో, దాని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేస్తే అందులో ఒకరు మన హైదరాబాద్ సీనియర్ జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారన్నది ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఏ పేపర్ ఏ పార్టీ వైపు, ఏ చానల్ వెనక ఎవరున్నారు అనేది తెలుగు పాఠకుడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. జనం ఫోన్ వైపు ఊరికే పోలేదు. మా మీద నమ్మకం చాలావరకు మేమే పోగొట్టుకున్నాం.

అయినా ఆ జిల్లా పేజీ ఒక పని చేసేది. బోరు చెడిపోయి నెలైంది, హాస్టల్లో పిల్లలకు పురుగులన్నం పెడుతున్నారు, ఫలానా ముసలమ్మకు మూడు నెలల నుంచి పింఛను రావట్లేదు, ఇలాంటివి ఏ మూలో రెండు అంగుళాల్లో వచ్చేవి. కలెక్టరేట్‌లో డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు వాళ్లు పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని ఇలాంటివి కత్తిరించి, కాగితాలకు అతికించి, కలెక్టర్ టేబుల్ మీద పెట్టేవాళ్లు. అక్కణ్నుంచి ఎమ్మార్వోకు ఫోన్. ఆ వార్త చదివింది మహా అయితే కొన్ని వందల మంది, కానీ చదవాల్సిన ఒక్కరు చదివేవారు.

ఆ వార్త చివర ఒక వాక్యం ఉండేది, ఇప్పటికీ పేపర్లలో చూడొచ్చు: "దీనిపై తహసీల్దారును వివరణ కోరగా..." ఈ వాక్యం వెనక ఉన్న పని మీకు చెప్పాలి. కంట్రిబ్యూటర్ వార్త పంపగానే జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్ మొదట చూసేది హెడ్డింగ్ కాదు, అవతలి వాళ్ల మాట ఉందా లేదా అని. లేకపోతే ఫోన్. "ఎస్సైతో మాట్లాడావా? హాస్టల్ వార్డెన్ ఏమన్నాడు? ఫోన్ ఎత్తకపోతే ఎన్నిసార్లు చేశావు?" అది పూర్తయ్యేదాకా వార్త పేజీలో పెట్టేవాళ్లు కాదు. కొన్నిసార్లు ఆ ఒక్క ఫోన్‌తో వార్తే మారిపోయేది, అబద్ధమనుకున్న ఫిర్యాదు నిజమని తేలేది, పెద్ద కుంభకోణం అనుకున్నది అన్నదమ్ముల తగాదా అని బయటపడేది. పేజీ ప్రెస్సుకు పంపేలోపు ఉన్న ఆ రెండు మూడు గంటలే మాకు దొరికిన అవకాశం. ఇవాళ ఆ గంటలు లేవు.

సరే, మరి ఆ బోరు వార్తకు డబ్బు ఎవరు కట్టేవాళ్లు? బోరు వార్త చదివినవాళ్లు కాదు. నగల షాపు ఫుల్ పేజీ యాడ్ కట్టేది, రియల్ ఎస్టేట్ వెంచర్ కట్టేది, క్లాసిఫైడ్స్, టెండర్ నోటీసులు కట్టేవి. క్రికెట్ కోసం, సినిమా పేజీ కోసం పేపర్ కొన్నవాడి రూపాయిలో కొంత ఆ బోరు వార్తకు పోయేది, అతనికి తెలియకుండానే. హైదరాబాద్, విజయవాడ రూట్లో వచ్చిన డబ్బుతో ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు నడిపినట్టు అన్నమాట. ఆ బస్సులో పదిమందే ఎక్కినా, అది రోజూ వచ్చేది.

సోషల్ మీడియా చేసిన అసలు మార్పు ఇక్కడుంది. అది పేపర్‌ను ముక్కలు ముక్కలు చేసింది. ఫోన్‌లో మీరు పేపర్ చదవరు, ఒక్కో వార్త విడిగా మీ ముందుకొస్తుంది, హీరో పెళ్లి వార్త ఒంటరిగా, బోరు వార్త ఒంటరిగా. ఏది ఎంతమంది చూశారో అప్పటికప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. మొదటిసారి మా దగ్గర ఒక ఆఫీసులో గోడ మీద స్క్రీన్ పెట్టి ఏ స్టోరీ ఎంతమంది చదువుతున్నారో లైవ్‌లో చూపించడం మొదలుపెట్టినప్పుడు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఏ ఎడిటరూ మున్సిపాలిటీ వార్తలు రాయొద్దని ఆర్డర్ వేయలేదు. కానీ ఆరు నెలల్లో అవి తగ్గిపోయాయి. రోజంతా తిరిగి నాలాల పూడికతీత బిల్లుల మీద రాస్తే ఆ స్క్రీన్ మీద ఎక్కడో అడుగున ఉంటుంది, కుర్చీలో కూర్చుని ఎవరో హీరోయిన్ ఇన్‌స్టా పోస్టు మీద నాలుగు లైన్లు రాస్తే పైకొచ్చేస్తుంది. కుర్రాడు ఏం చేస్తాడు చెప్పండి, అతనికి ఇల్లు గడవాలి కదా.

యాడ్స్ డబ్బు కూడా అటే పోయింది. ఇదివరకు ఇల్లు అద్దెకివ్వాలన్నా, పెళ్లి సంబంధం చూడాలన్నా, ఉద్యోగం ఖాళీ అన్నా పేపర్‌కు రావాలి. ఇప్పుడెవరొస్తారు? 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైపోయి, స్మార్ట్‌ఫోన్ ప్రతి ఇంటికీ చేరింది. కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడిపే ఆయన కూడా తన చుట్టుపక్కల మూడు కిలోమీటర్లలో ఉన్నవాళ్లకే కనిపించేలా ఫేస్‌బుక్‌లో యాడ్ వేసుకోగలుగుతున్నాడు. ఆయన చేసింది తెలివైన పనే, ఆయన్ని తప్పుపట్టలేం. అయితే ఆ డబ్బుతో ఏ కంట్రిబ్యూటర్‌కూ లైన్ అకౌంట్ రాదు. కరోనా లాక్‌డౌన్ వచ్చేసరికి అసలే బలహీనంగా ఉన్నవి ఇంకా దెబ్బతిన్నాయి, పేజీలు తగ్గాయి, మనుషులు తగ్గారు.

ప్లాట్‌ఫామ్‌లను నమ్ముకుని బతకొచ్చనుకున్న వెబ్‌సైట్లకు ఏమైందో కూడా చూశాం. ఫేస్‌బుక్ మొదట్లో లింకులు పెట్టండి, వీడియోలు చేయండి అని అందరినీ పిలిచింది. 2018 జనవరిలో ఒక్క ప్రకటనతో, ఇకపై ఫీడ్‌లో స్నేహితులవీ బంధువులవీ పోస్టులు ముందు చూపిస్తాం అంది, వార్తల సైట్లకు వచ్చే జనం పడిపోయారు. 2023 ఆగస్టు నుంచి కెనడాలో అయితే, వార్తలకు డబ్బు చెల్లించాలని చట్టం చేసినందుకు, ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా తన ప్లాట్‌ఫామ్‌ల మీద వార్తలు కనిపించకుండానే చేసేసింది. అక్కడ కార్చిచ్చులు మండుతున్న సమయం అది. మన ఇంటి తలుపు తాళంచెవి వేరేవాళ్ల దగ్గరుంటే ఎవరు ఎప్పుడు వేసేస్తారో మనకెట్లా తెలుస్తుంది? ఇప్పుడు గూగుల్ వెతుకులాటలోనే ఏఐ జవాబు రాసిచ్చేస్తోంది, అసలు వార్త రాసిన సైట్ దాకా పాఠకుడు వెళ్లే అవసరమే లేకుండా.

ఇక యూట్యూబ్. తెలుగులో వార్తల మార్పు అంటే నా లెక్కలో సగం యూట్యూబే. ట్విట్టర్ మీద నాయకులు, జర్నలిస్టులు కొట్టుకుంటారు, మామూలు జనం ఉన్నది యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో. అక్కడ డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. మామూలు వీడియోల మీద వచ్చే యాడ్ ఆదాయంలో 55 శాతం చానల్‌కు ఇస్తారు. ఈ లెక్క ఒక్కసారి అర్థమైతే మీకు ఆ థంబ్‌నెయిల్స్ ఎందుకు అట్లా ఉంటాయో అర్థమవుతుంది. ఎర్ర బాణం, నోరు తెరిచిన ముఖం, షాకింగ్, సంచలనం, అసలేం జరిగిందంటే. రెండు ముక్కల్లో చెప్పేదాన్ని పది నిమిషాలు సాగదీయడం కూడా అందుకే.

2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని ప్రచారం చేశారు, గుర్తుందా? ఆయన హైదరాబాద్‌లో తన ఇంట్లో క్షేమంగా ఉన్నారు. పరామర్శ ఫోన్ల మీద ఫోన్లు, బందోబస్తుకని పోలీసులు కూడా ఇంటికొచ్చేశారు. ఆ వయసులో ఆయనే కెమెరా ముందు కూర్చుని నేను బతికే ఉన్నానని జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన 2025 జూలైలో కన్నుమూశారు. ఆ పుకారు పుట్టించినవాళ్లలో ఎవరూ ఒక్క ఫోన్ చేయలేదు, చేస్తే అరనిమిషంలో తేలిపోయేది. నేనిందాక చెప్పిన "వివరణ కోరగా" అంటే అంతే, ఒక్క ఫోన్. కానీ ఆ అరనిమిషంలో పక్క చానల్ పెట్టేస్తే వ్యూస్ అటు పోతాయి. అబద్ధమని తేలాక వీడియో తీసేస్తే సరిపోతుంది, వచ్చిన డబ్బులు వచ్చేశాయి. పేపర్‌లో తప్పు వస్తే మర్నాడు సవరణ వేయాలి, కోర్టుకు పోతే ఎడిటర్, ప్రింటర్, పబ్లిషర్ పేర్లు చివరి పేజీలో అడుగున ఉంటాయి. ఇక్కడ చాలా చానళ్ల వెనక ఎవరున్నారో కూడా తెలియదు.

అబద్ధం ముందు పరిగెడుతుందని మనకు ఊహగా తెలుసు, దాన్ని కొలిచి కూడా చూశారు. 2018 మార్చిలో సైన్స్ పత్రికలో అమెరికా ఎంఐటీ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని తీసుకుని చూశారు. నిజం 1500 మందికి చేరడానికి అబద్ధంకంటే ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది. దీనికి ప్రధాన కారణం బాట్లు (వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులేనని కూడా వాళ్లు తేల్చారు. అదే ఏడాది మే నెలలో మన చాంద్రాయణగుట్టలో ఏం జరిగింది? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి, రాత్రిపూట ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. ఎక్కడో కాదు, చార్మినార్‌కు కొద్ది దూరంలో. ఆ ఏడాది దేశమంతా ఇలాంటి హత్యలు జరిగాక, జూలైలో వాట్సాప్ ఫార్వర్డ్‌లకు ఐదు చాట్ల పరిమితి పెట్టింది.

ఆ సమయంలో గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసిన పని నాకు చాలా నచ్చింది. ఊరికొక పోలీసును అప్పగించి, ఇంటింటికీ పంపి, జానపద కళాకారులతో పాటలు కట్టించి, ఇది నమ్మకండి అని ఊళ్లలో చెప్పించారు. అంటే ఫోన్‌లో వచ్చిన అబద్ధాన్ని ఆపడానికి మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య గురించి మాట్లాడటం కష్టంగానే ఉంటుంది, అయినా జర్నలిజం విద్యార్థులు దీన్ని వదిలేయకూడదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం ఉంది. కానీ ఆ అమ్మాయి పేరు, ఫోటో అప్పటికే హ్యాష్‌ట్యాగ్ అయిపోయి దేశమంతా తిరుగుతున్నాయి. పోలీసులు దిశ అనే పేరు పెట్టేసరికే ఆలస్యమైంది. అందరూ రాసేశారు కదా, ఇక మేం దాచి ఏం లాభం అన్న మాట న్యూస్‌రూమ్‌లలో ఎంత తేలిగ్గా వచ్చిందో! డిసెంబర్ 6 తెల్లవారుజామున నిందితులు నలుగురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు, పోలీసుల మీద జనం పూలు చల్లిన వీడియోలు మీరంతా చూసే ఉంటారు. ఆ ఎన్‌కౌంటర్ మీద విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అందులో ఉంది. పూల వీడియో చూసినవాళ్లలో ఆ నివేదిక గురించి ఎంతమందికి తెలుసు? ఇక్కడ చేతులెత్తమని అడగను. రెండున్నరేళ్ల తర్వాత కూడా ఆ కేసు పట్టుకుని కూర్చునే రిపోర్టర్ కావాలి, నివేదిక మొత్తం చదివే రిపోర్టర్ కావాలి. ఫీడ్‌కు అంత ఓపిక ఉండదు, దానికి ఇవాళ్టిది ఇవాళే కావాలి.

ఇప్పటిదాకా నేను చెప్పింది విని, ఈయన సోషల్ మీడియా వద్దంటున్నాడు అనుకుంటారేమో. కానే కాదు. పేపర్ యజమాని దయ లేకుండా, కులం అడ్డు లేకుండా, డెస్క్ వాళ్ల "మంచి తెలుగు" పరీక్ష పాస్ కాకుండా మాట్లాడే వీలు దొరకడం చాలా పెద్ద విషయం. తెలంగాణ యాసలో వార్తలు చదివితే ఎవరు వింటారన్న మాట ఇదే ఊళ్లో చాలాకాలం నడిచింది. ఇవాళ తండాల నుంచి, గూడేల నుంచి ఆడపిల్లలు ఫోన్ పట్టుకుని తమ సమస్య తమ మాటల్లో చెబుతున్నారు. అది మా జిల్లా పేజీలు ఎన్నడూ పూర్తిగా ఇవ్వలేకపోయాయి.

వానల సంగతే చూడండి. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్ మునిగిన రోజు టీవీలో నగరవ్యాప్తంగా భారీ వర్షం అని స్క్రోలింగ్ వస్తుంటే, వాతావరణం మీద ఇష్టంతో పనిచేసే కుర్రాళ్లు ప్రభుత్వ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల అంకెలు తీసి ఏ ఏరియాలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో, మేఘం ఎటు కదులుతోందో ట్విట్టర్‌లో పెట్టారు. ఇప్పటికీ పెడుతున్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరాలా, ఇంకో గంట ఆగాలా అని హైటెక్ సిటీలో వేలమంది వాళ్లని చూసే తేల్చుకుంటారు. అది జర్నలిజమే అంటాను నేను. డేటా ఉంది, మూలం చెబుతున్నారు, అంచనా తప్పితే తప్పిందని చెబుతున్నారు.

అన్నిటికంటే మంచి పాఠం మాత్రం కంచ గచ్చిబౌలి. 2025 మార్చి 30, ఉగాది రోజు. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన చెట్లున్న 400 ఎకరాలను చదును చేయడానికి ప్రభుత్వం తరఫున బుల్డోజర్లు దిగాయి. వరుస సెలవులు, ఆఫీసులు ఖాళీ. విద్యార్థులు హాస్టల్ మేడల మీద నుంచి తీసిన వీడియోలు, రాత్రి లైట్ల వెలుగులో చెట్లు కూలడం, చీకట్లో నెమళ్ల అరుపులు, ఇవి ఫోన్లలోకి రాకపోతే ఆ పని నిశ్శబ్దంగా అయిపోయేదే. ఈ ఘనత పూర్తిగా విద్యార్థులది, వాళ్ల ఫోన్లది. కానీ రెండు రోజులు తిరక్కముందే ఏఐతో చేసిన బొమ్మలు వచ్చిపడ్డాయి. జేసీబీల ముందు పరిగెత్తే జింకలు, కన్నీళ్లు పెట్టుకునే నెమళ్లు. పెద్ద పెద్దవాళ్లు షేర్ చేశారు, కొందరు తర్వాత తీసేశారు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉండొచ్చు, దానివల్ల జరిగిన నష్టం మాత్రం చూడండి. ఇదంతా ఏఐ సృష్టి, ఫేక్ ప్రచారం అనడానికి ప్రభుత్వానికి అవకాశం దొరికింది. కేసులు పెట్టారు, ఒక బొమ్మను రీషేర్ చేసినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు ఇచ్చారు. నిజమైన వీడియో, తయారుచేసిన బొమ్మ పక్కపక్కన ఒకే ఫీడ్‌లో ఉంటే, చూసేవాడు రెండిటినీ నమ్ముతాడు లేదా రెండిటినీ నమ్మడం మానేస్తాడు.

మరి ఎలా తేలింది? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు, తెలంగాణ హైకోర్టు జ్యుడీషియల్ రిజిస్ట్రార్‌ను వెంటనే అక్కడికి వెళ్లి చూసి అదే రోజు రిపోర్టు ఇవ్వమంది. ఆయన వెళ్లారు, చూశారు. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు కొట్టేశారని, నెమళ్లు, జింకలు కనిపించాయని రిపోర్టులో ఉంది. కోర్టు పనులు ఆపేసింది. లక్షల షేర్లతో తేలని విషయం ఒక మనిషి వెళ్లి కళ్లతో చూసి సంతకం పెట్టి రాసిన కాగితంతో తేలింది. ఇందాక గద్వాల దగ్గర గుర్తుపెట్టుకోమన్నది ఇదే. ఆ రిజిస్ట్రార్ చేసిన పని రిపోర్టర్ పని. విద్యార్థుల ఫోన్ లేకపోతే ఆయన వెళ్లేవారే కాదు, ఆయన వెళ్లకపోతే ఆ ఫోన్లు చూపించింది నిజమని స్థిరపడేది కాదు. రెండూ కావాలి. ఫోన్ అందరి దగ్గరా ఉంది, వెళ్లి చూసి సంతకం పెట్టే మనిషిని పోషించే ఏర్పాటే లేకుండా పోతోంది.

ఈ మధ్య అమెరికాలో కూడా ఇదే మార్పు అంకెల్లో కనిపించింది. 2025 రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలో అక్కడ 54 శాతం మంది వార్తలు సోషల్ మీడియా, వీడియో ప్లాట్‌ఫామ్‌ల నుంచి తెలుసుకుంటున్నామన్నారు, టీవీ 50 శాతం. మొదటిసారి టీవీ వెనకబడింది. మన దగ్గర ఇది కంటికే కనిపిస్తోంది, మెట్రోలో ఒక్క పేపరైనా కనిపిస్తుందేమో చూడండి.

సొంతంగా యూట్యూబ్ చానల్ పెట్టుకుని నిజాయితీగా పనిచేస్తున్నవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, వాళ్ల పరిస్థితి చెప్పకపోతే అన్యాయం. వెనక సంస్థ లేదు, లీగల్ నోటీసు వస్తే లాయర్ లేడు, అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు కార్డు, దొరకడం కష్టం. 2025 మార్చిలో ఇదే ఊళ్లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను, ముఖ్యమంత్రిని ఒక రైతు విమర్శించిన వీడియో విషయంలో తెల్లవారుజామున ఇళ్ల నుంచి అరెస్టు చేసి తీసుకుపోయారు. ఆ వీడియోలో భాష మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. దానికి తెల్లవారుజామున తలుపు కొట్టాల్సిన పనిలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే వైఖరి చూస్తున్నాం. పత్రికా స్వేచ్ఛ సూచీలో 2025లో మన దేశం 180 దేశాల్లో 151. ఇంకోవైపు మెడలో ఐడీ కార్డు, చేతిలో లోగో మైకు పెట్టుకుని బిల్డర్లను, ప్రైవేటు స్కూళ్లను బెదిరించి డబ్బు గుంజేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల వల్ల నిజాయితీగా పనిచేసేవాడి మాట కూడా ఎవరూ నమ్మట్లేదు. వీళ్లిద్దరినీ ఒకే గాటన కట్టేయడం ప్రభుత్వాలకు చాలా సౌకర్యం.

ఏది నిజమో, ఏది అబద్ధమో మేమే తేలుస్తాం అని ప్రభుత్వాలు ముందుకొస్తే మాత్రం గట్టిగా వద్దనండి. కేంద్రం తన గురించి వచ్చే వార్తల మీద ఫ్యాక్ట్ చెక్ యూనిట్ పెట్టుకునే నిబంధన తెస్తే 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు కొట్టేసింది. మంచి పని చేసింది. ఆ పని మన ఊళ్లోని ఫ్యాక్ట్‌లీ లాంటి బయటి సంస్థలు తెలుగులో కూడా చేస్తున్నాయి, వాళ్లవి చదవండి, ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టండి. బాబాయ్ కోప్పడినా ఫర్వాలేదు.

ఇక విద్యార్థులతో నేరుగా ఒక మాట. రీల్స్ చేయొద్దనీ, చానల్ పెట్టొద్దనీ నేను చెప్పను. పెట్టండి. కానీ వారానికి ఒక్కరోజు వ్యూస్ లెక్క పక్కన పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది, ఎవరైనా వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్లి లైన్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చోండి. ఎక్కణ్నుంచి వచ్చారు, ఎన్నోసారి వచ్చారు, దరఖాస్తులో ఏం రాయించుకొచ్చారు, రాసినందుకు బయట ఎంత ఇచ్చారు, అన్నీ అడగండి. ఒక్కరి కేసు పట్టుకోండి, ఒప్పుకుంటే రసీదు నంబర్ రాసుకోండి. నెల తర్వాత ఫోన్ చేయండి, పని అయిందా? కాకపోతే సంబంధిత ఆఫీసుకు వెళ్లి ఎందుకు కాలేదో అడగండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుకు ఫీజు మామూలుగా పది రూపాయలే, అదీ నేర్చుకోండి. ఆ వీడియో రెండు వందల మంది చూడొచ్చు. ఆ రెండు వందల్లో ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లు ఇద్దరుంటే చాలు.

పాఠకులుగా వచ్చినవాళ్లకు చెప్పేది డబ్బు సంగతే, దాచుకోవాల్సిన పనిలేదు. ఓటీటీకి నెలనెలా కడుతున్నాం. మీ ఏరియా గురించి ఫోన్ చేసి, కనుక్కుని, వెళ్లి రాసేవాళ్లు ఎవరైనా మీకు కనిపిస్తే, అది పేపర్ కావచ్చు, వెబ్‌సైట్ కావచ్చు, ఒక్క మనిషి నడిపే చానల్ కావచ్చు, వాళ్లకు కూడా నెలకు కొంత కట్టండి. కట్టాక తప్పు రాస్తే నిలదీయండి, ఆ హక్కు మీకుంటుంది.

నాకిచ్చిన టైమ్ దాటిపోయింది. ప్రశ్నలకు కొంచెం సేపు ఉందన్నారు. వెనక వరుసలో ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉంది, మైకు అటు ఇవ్వండి బాబూ. చెప్పమ్మా, అడుగు.